కాగితం కోసిన వేలు: మంట వేరు, సలుపు వేరు

ప్రశ్న: మేడమ్, నేను విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్లులు చూస్తాను. ఉండేది కంచరపాలెం. మొన్న ప్రింటర్ నుంచి చలానాలు చింపుతుంటే కుడి చూపుడువేలి కొస కోసుకుపోయింది. రక్తం చుక్క కూడా రాలేదు గానీ ప్రాణం జివ్వుమంది, గట్టిగా అరిచేశాను. "ఏటీ, కాయితం కోసీసిందా? అంబులెన్సు పిలవమంటావా?" అని ఆఫీసంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇంటికెళ్తే అమ్మ కాఫీపొడి అద్దింది. పక్కింటి ఆంటీ టీటీ ఇంజెక్షన్ చేయించుకోమంది. రెండేళ్ల కిందట స్కూటీ మీంచి పడ్డప్పుడు ఒకటి చేయించుకున్నాను. చిన్నప్పటి టీకాలన్నీ వేయించారు. మళ్లీ అవసరమా? ఇంత చిన్న గాయం ఎందుకింత మండుతుంది? ఆదివారం రొయ్యలు వలవచ్చా? మా నాన్నకి జిరాక్స్ షాపు ఉంది. ఆయన వేళ్ల మీద ఇలాంటి గీతలు ఎప్పుడూ రెండో మూడో ఉంటాయి. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. అయినా "నాకైతే కోసుకున్నట్టే తెలీదు, నీదే సుకుమారం" అని నవ్వుతారు. నేను నిజంగానే ఎక్కువ చేస్తున్నానా?
– ఒక చెల్లెలు, కంచరపాలెం

జవాబు: అమ్మా, మీరు ఎక్కువేమీ చెయ్యడం లేదు. ఆ మంట నిజం, కళ్లలో వచ్చిన నీళ్లూ నిజం. ముప్పై ఏళ్లు డ్రెస్సింగ్ గదుల్లో నర్సుగా పనిచేశాను. కాగితం కోసిన వేలు పట్టుకుని, "సిస్టర్, చెప్పుకోడానికి సిగ్గేస్తోంది" అంటూ వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. వాళ్లలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక కళాసీ. ఆజానుబాహుడు. మూటలు మోసీ మోసీ అరచేతులు చెప్పు అట్టల్లా గట్టిపడి ఉండేవి. కూతురి పెళ్లికార్డులు కవర్లలో పెడుతుంటే చిటికెనవేలి పక్కన తెగింది. తడిదూదితో తుడుస్తుంటే పళ్లు బిగబట్టాడు. "ఇనప కమ్మీ గీసుకున్నా ఇంత మండలేదమ్మా" అన్నాడు. వెలుతురులో పెట్టి చూస్తే వెంట్రుక మందం గీత. కాయలు కాసిన అరచేతి మీద అదే కార్డు గీసుకుని ఉంటే అతనికి తెలిసేది కూడా కాదు. వేలి పక్కన చర్మం పల్చగా, పసిపిల్లలకున్నట్టు మెత్తగా ఉంది.

మంట ఎందుకో ముందు చెప్తాను, అది తెలిస్తే మందు సంగతి సులువవుతుంది. మన ఒంట్లో స్పర్శ తెలిసే నరాల కొసలు బాగా కిక్కిరిసి ఉండే చోట్లలో వేలికొస ఒకటి. ఒక హెయిర్‌పిన్ తీసుకుని దాని రెండు కొసలూ రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి వేలికొస మీద ఆనించండి. కళ్లు మూసుకున్నా రెండని తెలుస్తుంది. అదే వీపు మీద ఆనిస్తే, మూడు నాలుగు సెంటీమీటర్లు ఎడంగా పెట్టేదాకా ఒక్కటిగానే అనిపిస్తుంది. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ 1930లలో ఆపరేషన్లు చేస్తూ, శరీరంలో ఏ భాగపు స్పర్శ మెదడులో ఎక్కడ తెలుస్తుందో పటం గీశాడు. అందులో వీపంతటికీ దక్కింది చిన్న పట్టీ. చేతివేళ్లకు, పెదవులకు మాత్రం పెద్ద పెద్ద వాటాలు. అంటే వేలికొస మీద గీత పడితే మెదడుకు అది గీతలా కాదు, గండిలా తెలుస్తుంది.

ఇక కాగితం అంచు. కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ, సూక్ష్మదర్శినిలో చూస్తే పీచులు లేచి రంపంలా ఉంటుంది. కొత్త బ్లేడు అయితే ఒక్క గీతలో కోసి పోతుంది. కాగితం చర్మాన్ని గీరుతూ, చీలుస్తూ పోతుంది. పైగా ఆ గాయం లోతుకు దిగదు. లోతుకు దిగితే రక్తం వచ్చి, గడ్డకట్టి, నరాల కొసల మీద ఒక మూతలా కూర్చుంటుంది. మీ వేలికి ఆ మూత లేదు. నరాల కొసలు బయటికి తెరుచుకుని ఉన్నాయి. గాలి తగిలినా, నీళ్లు తగిలినా, ఫోను మీద వేలు జరిపినా చురుక్కుమంటుంది. వేలు వంచినప్పుడల్లా గాయం మళ్లీ నోరు తెరుస్తుంది. రక్తం రాలేదు కాబట్టి గాయం ఉత్తిదని మీ వాళ్లు నవ్వారు. నిజానికి రక్తం రాకపోవడం కూడా అంత మంటకు ఒక కారణం.

మిమ్మల్ని కోసిన కాగితం కూడా తక్కువదేం కాదు. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు కండలాంటి జెలటిన్ దిమ్మ మీద రకరకాల కాగితాలతో గీసి చూశారు. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మరీ పల్చటి కాగితం వంగిపోతుంది, మరీ మందమైనది దిగకుండా నొక్కి వదిలేస్తుంది. మధ్యలో, 65 మైక్రాన్ల దగ్గర ఉన్నదే బాగా కోస్తుందని తేలింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 500 కాగితాల జిరాక్స్ రీము ఎత్తు సుమారు ఐదు సెంటీమీటర్లు ఉంటుంది కదా, అంటే ఒక్కో కాగితం 100 మైక్రాన్లు. బాగా కోసే కాగితం మందం దాంట్లో మూడింట రెండు వంతులన్నమాట. వాళ్లు పరీక్షించిన వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కాగితం. మీరు చలానాలు చింపింది ఆ కాగితమే అయి ఉంటుంది, రెండు పక్కలా చిల్లుల పట్టీ ఉండేది. ఆ పట్టీ చింపేటప్పుడు వేలు అంచు వెంట జారుతుంది. తిన్నగా నొక్కితే కొయ్యని కాగితం, అలా జారినప్పుడు కోసేస్తుంది. మన వంటింట్లో కత్తీ అంతే. టమాటా మీద ఆనిస్తే దిగదు, లాగితే దిగుతుంది.

నవ్వు గురించి కూడా రాశారు. కాగితం అంటే మనకు మెత్తనిది, చిరిగిపోయేది, నలిపి పారేసేది. అలాంటిది మనిషిని కోసిందంటే అరటిపండు తింటే పన్ను విరిగిందన్నట్టు ఉంటుంది. అందుకే వినగానే నవ్వొస్తుంది. మీకూ వచ్చింది కదా. అందులో తప్పు లేదు. డ్రెస్సింగ్ గదిలో నవ్వు ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు. కట్టు విప్పేటప్పుడు ఒక్క మాటకు నవ్వితే మనిషి భుజాలు దిగుతాయి, బిగబట్టిన చెయ్యి వదులవుతుంది. అలాగని నవ్వుతూ బ్యాండేడ్ తెచ్చిచ్చేవాళ్లు వేరు, నవ్వి ఊరుకునేవాళ్లు వేరు. మీ ఆఫీసు డ్రాయర్‌లో నాలుగు బ్యాండేడ్‌లు, ఒక చిన్న వాజలైన్ డబ్బా పెట్టించండి. ఈసారి ఎవరి వేలు తెగినా నవ్వుకుంటూనే అందులోంచి తీసి ఇవ్వచ్చు. "ఇంతోటి దానికి అరిచావా" అనిపించుకున్నవాళ్లు రెండోసారి చెప్పరు. చెప్పకుండా దాచుకున్న చిన్న గాయాలు చీము పట్టాక మా దగ్గరికి వచ్చేవి. నన్ను బాధపెట్టేది అదే.

ఇప్పుడు వైద్యం. ముందు కాఫీపొడి వదిలించాలి. అమ్మగారిని ఏమీ అనకండి, ఆవిడ ఆపేక్షతోనే పెట్టారు. రక్తం కారుతుంటే పొడి అద్దితే ఆగినట్టు కనిపిస్తుంది, అందుకే ఆ అలవాటు మన ఇళ్లలో పాతుకుపోయింది. కానీ ఆ పొడి గాయం లోపల ఇరుక్కుంటుంది, దాన్ని కడగాలంటే మళ్లీ గాయం రేగుతుంది. వంటింటి పసుపూ, సున్నమూ, టూత్‌పేస్టూ అంతే. కుళాయి కింద వేలు పెట్టి, గాయం పెదవుల్ని కొంచెం ఎడం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు పారనివ్వండి. మామూలు సబ్బు నురుగు చుట్టూ రాయండి. సబ్బు తగిలితే మండుతుంది, ఓర్చుకోండి. కాగితం పీచు గానీ ఇంకు మరక గానీ ఉంటే ఆ ధారకే పోతుంది. తర్వాత శుభ్రమైన బట్టతో అద్దండి, తుడవకండి. వేలు నోట్లో పెట్టుకోవడం చిన్నప్పటి నుంచి అందరికీ అలవాటే. హాయిగానే ఉంటుంది గానీ, మన నోట్లో ఉన్నన్ని సూక్ష్మజీవులు ఆ కాగితం మీద ఉండవు.

స్పిరిట్, శానిటైజర్, నురుగొచ్చే పెరాక్సైడ్ వద్దు. మండితే మందు పనిచేస్తున్నట్టు అనుకుంటాం, అది పొరపాటు. ఒంట్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని గుర్తించింది, 2021లో ఆయన నోబెల్ అందుకున్నారు. మామూలుగా అది 42 డిగ్రీలు దాటితే "కాలుతోంది" అని చెప్తుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే చెప్తుంది. మన ఒంటి వేడే 37 కదా, అంటే మన వేడే మనల్ని కాల్చినట్టు అనిపిస్తుంది. మిరపకారం మంటపుట్టించేదీ ఆ గ్రాహకాన్ని తట్టే. పుండు మీద కారం చల్లినట్టు అన్న మాట అక్షరాలా నిజం. కాబట్టి ఆ మంట మందు బలం కాదు. పైగా స్పిరిటూ, పెరాక్సైడూ కొత్తగా అల్లుకుంటున్న కణాల్ని కూడా దెబ్బతీస్తాయి.

కడిగాక గాయం మీద వాజలైన్ పల్చగా రాయండి. అసలు ఉపశమనం అక్కడ మొదలవుతుంది, రక్తం కట్టాల్సిన మూత అది కడుతుంది. "పుండుకు గాలి తగలాలి, ఎండాలి" అంటారు మన పెద్దలు. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద పరీక్షించి, తడి ఆరనివ్వని గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పాకుతుందని చూపించాడు. ఇవాళ్టి డ్రెస్సింగులన్నీ దాదాపు ఆ సూత్రం మీదే తయారవుతున్నాయి. యాంటీబయాటిక్ పొడులూ మాత్రలూ దీనికి అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

బ్యాండేడ్ వెయ్యడంలో చిన్న కిటుకు ఉంది. వేలికొసకు అది నిలవదని అందరూ బిగించి చుడతారు, కొస నీలంగా మారి సలుపు పుడుతుంది. అలా కాకుండా, మధ్యలో ఉన్న మెత్తటి అట్టను ముట్టుకోకుండా, రెండు వైపులా ఉన్న అంటుపట్టీలను కత్తెరతో నిలువుగా మధ్యకు చీల్చండి. ఇప్పుడు దానికి నాలుగు కాళ్లుంటాయి. అట్టను గాయం మీద ఉంచి, ఒక వైపు రెండు కాళ్లను ఏటవాలుగా, రెండో వైపు రెంటిని వాటి మీదుగా అడ్డంగా అంటించండి. వేలు వంగినా జారదు, బిగించదు. మన ఊరి ఉక్కకు, చెమటకు లోపల చర్మం నాని తెల్లగా ముడతలు పడుతుంది. తడిసినప్పుడల్లా, తడవకపోయినా రోజుకొకసారి మార్చండి. రెండు మూడు రోజుల్లో గీత మూసుకుంటుంది. ఇంట్లో వస్తువులు అతికించే గమ్ము చుక్క వేసుకునేవాళ్లనూ చూశాను. దాంతో చర్మం కాలిన కేసులున్నాయి. ఆస్పత్రిలో గాయాలకు వాడే జిగురు వేరు. ఇంట్లోది ముట్టుకోకండి.

టీటీ సంగతి: మీకు ఇప్పుడు అక్కర్లేదు. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, గాలి ఆడని లోతు గాయాల్లో పెరుగుతుంది. చిన్నప్పటి టీకాలు పూర్తయినవాళ్లకు ఇలాంటి పైపై శుభ్రమైన గాయానికి, చివరి డోసు వేయించుకుని పదేళ్లు దాటితేనే బూస్టరు. మురికి గాయమైతే ఐదేళ్లు. మీకు రెండేళ్లే అయింది. అయినా మీ ఆంటీ మాట వృథా కాదు. మనలో చాలామంది 16 ఏళ్లకు స్కూల్లో వేసిన తర్వాత మళ్లీ ఎప్పుడూ వేయించుకోరు. ఆవిడ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో అడగండి. ఇప్పుడు టీటీ స్థానంలో టీడీ అని, ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి వస్తోంది. గాయం తగిలేదాకా ఆగక్కర్లేదు.

ఆదివారం రొయ్యలు మీరు వలవకండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. రొయ్యల కొమ్ము గుచ్చుకోవడం మనకు తెలిసిందే. దానితోపాటు చేపల మీద, సముద్రపు నీళ్లలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు తెగిన చర్మం గుండా లోపలికి వెళ్తాయి. వేలు ఊదా ఎరుపు తిరిగి, వారాల తరబడి బాధపెడుతుంది. షుగర్, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చినా, పూర్ణా మార్కెట్‌లో కొన్నా అంతే. ఈ ఒక్క వారం వలిపించి తెచ్చుకోండి. తప్పదంటే రబ్బరు గ్లౌజు వేసుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? దీనికి మన భాషలోనే మంచి కొలత ఉంది. నొప్పికి మనకు ఎన్ని మాటలో చూడండి: మంట, పోటు, సలుపు, తీపు, గుంజు. పేషెంట్లు ఆ మాట సరిగ్గా చెప్తే సగం రోగం తెలిసిపోయేది నాకు. మీది మంట. మంట పైచర్మానిది, తాకితే ఉంటుంది, వదిలేస్తే తగ్గుతుంది, రోజురోజుకూ పల్చబడుతుంది. రెండో రోజో మూడో రోజో అది సలుపుగా మారిందా, అంటే ఎవరూ ముట్టుకోకుండానే గుండె కొట్టుకున్నట్టు లోపల టకటకా కొడుతోందా, చెయ్యి కిందికి వేలాడేస్తే ఎక్కువవుతోందా? అప్పుడు చీము పడుతోందని అర్థం. గోరు పక్కన తెగితే గోరుచుట్టు లేస్తుంది, దాని మీద రోకటిపోటు దాకా ఆగకండి. పిన్నీసుతో పొడిచి చీము తీసే ప్రయత్నం అస్సలు చెయ్యకండి. దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి. ఎర్రటి చార వేలి నుంచి చేతి మీదికి పాకినా, చంకలో బిళ్ల కట్టినా, చలిజ్వరం వచ్చినా మర్నాటి దాకా చూడకండి, అది రాత్రయినా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) క్యాజువాలిటీకి వెళ్లాల్సిన విషయం.

ఇక ముందు జాగ్రత్త సంగతి. మీ సెక్షన్‌లో ఫ్యాను ఉండే ఉంటుంది. గాలికి ఎగిరే కాగితాన్ని గబుక్కున పట్టుకోకండి, పడనివ్వండి. కట్టను సమం చెయ్యడానికి అంచు వెంట వేలు నడపకుండా బల్ల మీద తట్టండి. ఏసీ గదిలో అప్పుడే విప్పిన రీము పెళపెళలాడుతూ ఉంటుంది, దానితో జాగ్రత్త. పాత ఫైళ్లలో కాగితాలు మన సముద్రపు గాలికి తేమ పట్టి మెత్తబడతాయి, అవి అంతగా కొయ్యవు. బ్యాంకు క్యాషియర్లు పెట్టుకునే వేలి రబ్బరు తొడుగు మీకూ పనికొస్తుంది.

అమ్మా, ఇంతవరకూ మీ వేలి గురించి రాశాను గానీ, మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నా కళ్లు ఆగింది మీ నాన్నగారి మాట దగ్గర. "నాకైతే కోసుకున్నట్టే తెలీదు." మీకు మండింది, మీరు అరిచారు, మీ నరాలు బాగున్నాయి. మీ గురించి నాకు బెంగ లేదు. పన్నెండేళ్ల షుగర్ ఉన్న మనిషికి కాగితం కోసినా తెలియడం లేదంటేనే నాకు టెన్షన్‌గా ఉంది.

ఏళ్ల తరబడి కాగితాలు తిప్పి చర్మం మొద్దుబారి ఉండొచ్చు, అదే అయితే సంతోషం. కానీ షుగర్ నరాల కొసల్ని తినేస్తుంది, అదీ పొడవైన నరాల నుంచి మొదలుపెడుతుంది. ముందు కాలివేళ్లు, అరికాళ్లు, పిక్కలు. తిమ్మిరి మోకాళ్ల దాకా వచ్చే సమయానికి చేతివేళ్లలో కనిపిస్తుంది. కాబట్టి చేతివేళ్లు నిజంగానే మొద్దుబారితే కాళ్లు అంతకు చాలా ముందే మొద్దుబారి ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడమూ ఎక్కువే. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడేవాళ్లకు బీ12 తగ్గి కూడా తిమ్మిరి వస్తుంది. దాన్ని రక్తపరీక్షలో పట్టుకోవచ్చు, సరిచెయ్యవచ్చు. షుగర్ ఎక్కువగా ఉన్న ఒంట్లో తెల్లకణాలు మందగిస్తాయి, మీకు మూడు రోజుల్లో మానే గీత ఆయనకు పది రోజులు తెరుచుకుని ఉండొచ్చు. ఆ వేలినే ఆయన షుగర్ పరీక్షకు మళ్లీ గుచ్చుకుంటారు. నేను చూసిన ఒకాయనకు చూపుడువేలు కొస తీసేయాల్సి వచ్చింది. "ఎప్పుడు తెగిందో తెలీదు సిస్టర్, నొప్పి లేదు కదా అని చూసుకోలేదు" అన్నారు.

ఆయనతో వాదించకండి. ఈ రాత్రి షాపు కట్టేసి వచ్చాక, ఆయన నవ్వితే నవ్వనిచ్చి, చేతులు కడిగించి, లైటు కింద పదివేళ్లూ చూడండి. తెరుచుకున్న గీతలకు మీకు చెప్పిన కట్టే కట్టండి. అక్కడితో ఆపకుండా ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి అరికాళ్లు చూడండి, వేళ్ల సందులు కూడా. కళ్లు మూసుకోమని చెప్పి, మీ చూపుడువేలితో ఆయన కాలి బొటనవేలి కొసను, మధ్యవేలి కొసను, చిటికెనవేలి కొసను ఈక తాకినంత తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు తాకండి. రెండు పాదాలకూ కలిపి ఆరు చోట్లు. తాకినప్పుడల్లా ఏ వైపో చెప్పమనండి. ఆరింటిలో రెండు చోట్ల గానీ అంతకంటే ఎక్కువ చోట్ల గానీ చెప్పలేకపోతే ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. అన్నీ చెప్పినా ఒకసారి నరాల పరీక్ష, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, బీ12 చేయించండి. కేజీహెచ్‌లో షుగర్ రోగుల్ని చూసే విభాగం ఉంది, ఓపీ చీటీ ఉదయాన్నే తీసుకోవాలి.

ఆ ఆరు చోట్లలో ఎన్ని చెప్పగలిగారో నాకు రాయండి.